కారం సీసాలో నీనెవె

ఆ రోజుల్లో మా దర్శి వైపు కుర్రాడెవడు విమానం ఎక్కినా 'కువైట్ పోయాడు' అనేవాళ్ళు. దుబాయ్ పోయినా కువైటే, మస్కట్ పోయినా కువైటే. నేను మాత్రం నిజంగానే కువైట్ అనుకుని ఎక్కాను. గుంటూరు హోటల్లో ఉల్లిపాయలు తరిగిన నన్ను పట్టుకుని ఏజెంటు 'చెఫ్' అనేసరికి ఉబ్బితబ్బిబ్బైపోయి, ఎక్కడికి పంపిస్తున్నాడో రెండోసారి అడగలేదు. దిగిన కొన్నాళ్ళకే మమ్మల్ని బస్సెక్కించి, ఎడారి దాటించి, ఇరాక్‌లో మోసుల్ పక్కన ఒక సైనికుల క్యాంపు వంటశాలలో దింపారు. యుద్ధం అయిపోయిందని చెప్పారు (చప్పుళ్ళకి మాత్రం ఆ సంగతి తెలిసినట్టు లేదు).

మా ఊరి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేశాను. అమ్మ ఏడ్చింది. నాన్న ఏజెంటు ఏడు తరాల్నీ తిట్టాడు. తర్వాత నాయనమ్మ ఫోన్ లాక్కుని "ఏ ఊరన్నావురా?" అంది. మోసుల్ అన్నాను. పక్కనే ఉన్న పాస్టరుగారు "అదేనమ్మా, మనం బైబిల్లో చదువుకునే నీనెవె" అనడం నాకు వినపడింది. ఆ తర్వాత మా నాయనమ్మ, ఫోన్ అక్కర్లేకుండానే మోసుల్‌కి వినపడేటట్టు అరిచింది: "అబ్బాయా! ఆ ఊరు ఇంకా ఉందో లేదో చూసి రారా!" బూత్ ఆయన నవ్వుతున్నాడు. "ఏందవ్వా, ఆ ప్రవక్తే నీనెవె వద్దని పారిపోతే చేప మింగింది. నీ మనవడు పాస్‌పోర్టు చేయించుకుని మరీ పోయాడే!"

నాకు నవ్వు రాలేదు. ఆమె ఎందుకడిగిందో నాకు తెలుసు. మా బాబాయి, అంటే ఆమె చిన్నకొడుకు, నవ్వితే రెండు వీధుల అవతలికి వినపడేది. కౌలుకు తీసుకున్న చేలో ఏడాది మీద ఏడాది పత్తిని పురుగు తినేసింది. ఏ మందు కొట్టినా చావని పురుగది. చివరికి ఆ మందుకి బాబాయే పోయాడు. సమాధి దగ్గర సంఘపెద్ద ఒకాయన "అట్టా పోయినోళ్ళకి పరలోకం ఉండదు" అన్నాడు. మెల్లగానే అన్నాడు, కానీ నాయనమ్మ చెవిన పడింది. నాన్న మాత్రం ఏడవలేదు. "నాకొక్క మాట చెప్పలేదు, వెధవ" అని పళ్ళు కొరికాడు, అంతే. ఆనాటి నుంచి నాయనమ్మ ఒకే ఒక్క కథ పట్టుకుంది. నాశనం చేస్తానన్న ఊరి మీద దేవుడికి జాలి కలిగి, మనసు మార్చుకుని, మనుషుల్నీ పశువుల్నీ వదిలేశాడన్న కథ. "ఊరికి ఊరినే వదిలేసినోడు నా ఒక్క బిడ్డని వదిలెయ్యడా?" అనేది. అంటూనే, ఆ క్షమాపణ ఎన్నాళ్ళు నిలిచిందోనని లోపల భయపడేది. ఊరుంటే కొడుకున్నట్టు, లేకపోతే లేనట్టు.

క్యాంపుకి కూరగాయలు తెచ్చే లారీ డ్రైవరుని బతిమాలాను. పెద్ద మీసాల ఆసామి. ఆయనకొచ్చిన ఇంగ్లీషూ, నాకొచ్చిన ఇంగ్లీషూ కలిపినా ఒక వాక్యం పూర్తయ్యేది కాదు. "నీనెవె ఎక్కడ?" అంటే ఒక హోటల్ చూపించాడు, పేరు నీనెవె. టైర్ల కొట్టు చూపించాడు, అదీ నీనెవే. "పాతది, పాతది!" అని నేను గొంతు చించుకుంటే, చివరికి ఊళ్ళోనే ఒక దిబ్బ పక్కన లారీ ఆపి, కాలితో నేలని తట్టాడు. నేనేమో కనిగిరి కొండమీద కోటలాంటిది ఇంకా పెద్దదేదో ఉంటుందని, తల దువ్వుకుని మరీ వెళ్ళాను. ఉన్నదల్లా తెగిన చెరువుకట్టలాంటి మట్టిగుట్టలు, ఎండిన గడ్డి, దూరంగా మళ్ళీ కట్టిన ఒక గుమ్మం. రాజులూ లేరు, గోడలూ లేవు. గొర్రెలు మేస్తున్నాయి. ఈ మాట మా ముసల్దానికి ఎట్టా చెప్పనురా దేవుడా అనుకున్నాను.

కనీసం మట్టైనా పట్టుకెళదామని, అమ్మ పంపిన కారం సీసా తీసి అడుగున మిగిలిన కారం దులిపాను. మిరప కల్లాల్లో పెరిగిన వెధవ ఎవడైనా గాలికి ఎదురుగా కారం దులుపుతాడా? నేను దులిపాను. కళ్ళు భగ్గుమన్నాయి. నేను ఏడుస్తుంటే, పుణ్యక్షేత్రం చూసి ఏడుస్తున్నాననుకున్న డ్రైవరు ఆప్యాయంగా నా మొహం తుడిచి, అదే చేత్తో తన కళ్ళూ తుడుచుకున్నాడు. ఇక చూడండి! ఇద్దరం నీనెవె నడిమధ్య గొర్రెల ముందు నిలబడి బావురుమన్నాం. ఆయన రెండు వేళ్ళు చూపించి "బ్రదర్... వార్" అన్నాడు. నేను ఒక వేలు చూపించాను. కారం ఎప్పుడో దిగిపోయింది, ఏడుపు మాత్రం ఆగలేదు.

ఏడాది తిరక్కముందే ఇల్లు చేరాను. నాయనమ్మ నేను తెచ్చిన మట్టి సీసా మూత తీసి వాసన చూసి హాచ్చిమని తుమ్మింది. "ఏందిరా, నీనెవెలో గూడా మిరపకాయలు పండుతయ్యా?" అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఊరుందా?" అంది. వెనకనుంచి నాన్న, ఉందని చెప్పరా అన్నట్టు కళ్ళెర్రజేస్తున్నాడు. నాకు అబద్ధం నోటికి రాలేదు.

"లేదు నాయనమ్మా. దిబ్బలే."

ఆమె సీసా మీదికి తల వంచుకుంది. ఏదో ఒకటి అనాలని, "గొర్రెలు మేస్తున్నాయి" అన్నాను.

ఆమె తలెత్తింది. "గొర్రెలున్నయ్యా?"

"చానా ఉన్నాయి."

"మనుషులో?"

"చుట్టూతా మనుషులే. అంత యుద్ధంలోనూ టమాటాలకి బేరాలాడుతున్నారు."

నాయనమ్మ సీసా ఒళ్ళో పెట్టుకుంది. "గోడలు పోతే పోనియ్యరా. గోడల్ని కాస్తానని ఆయన ఎప్పుడన్నాడు? మనుషులన్నాడు, పశువులన్నాడు. ఉన్నారుగా!" అని, సీసా మూత బిగించి, "అయితే మీ బాబాయి ఉన్నాడ్లే" అంది.

మర్నాడు పొద్దున్నే అందర్నీ సమాధి దగ్గరికి నడిపించి, ఆ మట్టి తన చేత్తో చల్లింది. గాలికి ఎదురుగానే చల్లింది (నా తెలివితేటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అప్పుడు తెలిసింది). అందరం తుమ్ములు, దగ్గులు. నాన్న కండువాతో కళ్ళు అదుముకుని "పాడు కారం, పాడు కారం" అంటూ సమాధి మీద కూలబడ్డాడు. ఎంతకీ లేవలేదు. నెలల తరబడి సీసాలో ఉన్న మట్టిలో అంత ఘాటెక్కడిదని ఎవరూ అడగలేదు. నాయనమ్మ మాత్రం ఆయన వీపు నిమురుతూ "కారమేలేరా, కానియ్" అంది.

ఇప్పుడు గుంటూరులో నాకు చిన్న మెస్సుంది. తాలింపులో మిరపకాయ మాడి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, "ఏంటి బాబాయ్, ఏడుస్తున్నావా?" అంటారు తినడానికొచ్చే కుర్రాళ్ళు. కారమేలేరా అంటాను. ఏం చెప్పాలో తెలియక గొర్రెల సంగతి చెప్పిన ఆ వెర్రి కుర్రాణ్ణి తలుచుకుని, పొయ్యి వైపు తిరిగి కాస్త నవ్వుకుంటాను.