పొత్తికడుపులో మర్యాద

ఆ రోజుల్లో కొత్త కోడలికి కడుపులో ఏ మూల నొప్పి వచ్చినా కారణం ఒక్కటే ఉండేది. దాన్ని వీధి మొత్తం కలిసి తేల్చేసేది. నా పెళ్లైన కొత్తలో బొడ్డు కింద సలుపు మొదలైంది. నెల తేదీ కాస్త దాటిందన్న ఆధారం చాలు మా అత్తకు. "ఇశేషమే! అంజన్న సల్లంగ జూసిండు" అని కొండగట్టుకు మొక్కేసుకుంది. మూత్రానికి పోతే మంట అని (ఆ మాట ఎవరితో అనను?) నేను నోరు మెదపలేదు.

మా ఇంటికి ముందు బట్ట నేసే సాంచాల షెడ్డు, మధ్యలో వంటిల్లు, పెరట్లో మరుగుదొడ్డి. షెడ్డు వెడల్పు ఎక్కువ; వంటింటి పక్కనుంచి దాని కిటికీ సరిగ్గా పెరట్లోకే. ఆ కిటికీ పక్క సాంచ మీద పొద్దంతా మా మామ నేసేవాడు. ఆయన చూస్తుండగా చెంబు పట్టుకుని ఎలా పోను? అందుకని నీళ్లు తాగడమే మానేశాను. అదేదో గొప్ప ఉపాయమనుకున్నాను కూడా.

అదే వారం మామకూ పొత్తికడుపులో నొప్పి వచ్చింది. దాన్ని మాత్రం ఎవరూ విశేషం అనలేదు. "కిడ్నీల రాయి గావచ్చు" అన్నారు పనివాళ్లు. "ఒంట్ల ఏడి, గర్మీ అయింది భాయ్, జర సబ్జా తాగున్రి" అంది పక్కింటి ఖాలా. ఈలోగా నాకు చలిజ్వరం పట్టుకుంది. అత్త హడలిపోయి ఇద్దరినీ ఒకే ఆటోలో కరీంనగర్ తీసుకుపోయింది.

డాక్టరమ్మ పరీక్షలు చూసి, "కడుపు గాదమ్మా, మూత్రంల ఇన్ఫెక్షన్. ఇంకింత ఆగితే కిడ్నీలకు పాకుతది. నీళ్లెందుకు తాగుతలేవు?" అంది. అత్త ముఖం చూసే ధైర్యం లేక, తల వంచుకుని సంగతి గుసగుసగా చెప్పాను. డాక్టరమ్మ గొంతు మాత్రం గుసగుసకు పనికొచ్చేది కాదు. "ఏందీ, మామ జూస్తడని ఆపుకుంటున్నవా?"

తెర అవతల బల్ల మీద పడుకున్న మామకు ఆ మాట వినబడింది. మెల్లగా అన్నాడు: "నేను గూడ గంతే డాక్టరమ్మా. వంటింట్లకెళ్లి పెరట్లకు పోతే కోడలుపిల్ల పని ఇడిసిపెట్టి లేసి నిలవడ్తది. ఎన్నిసార్లని లేపాలె?"

అత్త ఏడవబోయి నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మామ ఆ వారమే కిటికీకి గోనెపట్టా కొట్టాడు. నేను లేచి నిలబడటం మానేశాను.

అప్పటి నాలోని పిచ్చిపిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఇప్పుడు నా ఇంట్లో నా మాటకు ఎదురు లేదు. అయినా మంథని బస్సెక్కేటప్పుడు దాహాన్ని గుక్కెడుతో సరిపెట్టేస్తాను. చుట్టూ చూస్తే, ఆడవాళ్ల చేతుల్లో నీళ్ల సీసాలన్నీ దిగేదాకా నిండుగానే ఉంటాయి.