ఆర్డిస్ ట్రైలరు, మా ఊరి బరువు

మా ఊళ్ళో నా వయసువాళ్ళెవరికీ ఆర్డిస్ టాలెఫ్సన్‌ను పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు. అందరం ఆవిడ గరిటె కింద పళ్ళెం పట్టుకుని పెరిగినవాళ్ళమే. బడి వంటింట్లో ఏళ్ళ తరబడి బఠాణీలు వడ్డించింది. వద్దన్నవాడికి ఇంకో గరిటె వేసింది. ఇప్పుడు నా జుట్టు పల్చబడింది, పొట్ట ముందుకొచ్చింది, చలికాలంలో ఊళ్ళోవాళ్ళ పడవలు దాచే షెడ్డుకు యజమానినయ్యాను. అయినా ఆవిడ ఎదురైతే ఇంటిపేరులో మొదటి అక్షరంతో "మిసెస్ టీ" అనే అంటాను. ఆవిడ నన్ను కర్ట్ అంటుంది. కోపమొస్తే కర్టిస్ అంటుంది.

మా ఉత్తర మిన్నెసోటాలో ఎవరైనా సాయం చేస్తానంటే వెంటనే ఒప్పుకోవడం మర్యాద కాదు. రెండుసార్లు వద్దనాలి. మూడోసారి, "మీకు మరీ ఇబ్బంది లేకపోతే సరే" అనాలి. ఆర్డిస్ మూడోసారి కూడా వద్దనేది. నాలుగోసారి అడగడం అడిగేవాడికి మర్యాద కాదు. అందుకని ఆవిడకు ఎవరూ ఏ సాయమూ చేయలేకపోయారు. భర్త పోయినప్పుడు ఊరంతా వండి తీసుకెళ్ళిన గిన్నెలను కూడా, శుభ్రంగా కడిగి, మళ్ళీ ఏదో ఒకటి వండి నింపి, ఇంటింటికీ తిరిగి ఇచ్చి వచ్చింది.

ఇల్లు అమ్మేశాక అన్న కొడుకు ఇంటి నేలమాళిగలోకి మారింది. వాళ్ళు మంచివాళ్ళే. కానీ ఆ ఇంటి డీప్ ఫ్రీజరు సరిగ్గా ఆవిడ మంచం పక్కన ఉంది. ఐస్‌క్రీం కావాలన్నా, గడ్డకట్టిన కోడి కావాలన్నా ఎవరో ఒకరు దిగివచ్చేవారు. తలుపు తట్టేవారు కాదు. తట్టడానికి తలుపే లేదు, మెట్లు మాత్రం ఉన్నాయి. ఒకసారి ఆవిడ రాత్రి గౌను తలమీంచి తొడుక్కుంటుండగా మనవడి వరసయ్యే కుర్రాడు పక్కనుంచే వెళ్ళి పిజ్జా తీసుకుని, "గుడ్ నైట్" చెప్పి మరీ పోయాడట. ఈ సంగతి ఆవిడ మా ఆవిడ జోలీన్‌కు నవ్వుతూనే చెప్పింది. జోలీన్ మాత్రం ఇంటికొచ్చి నవ్వలేదు.

అప్పుడే సరస్సు ఒడ్డున ఉన్న పార్కులో హోస్టు కావాలన్నారు. వేసవంతా అక్కడే సొంత ట్రైలర్లో ఉండాలి. డేరాలు వేసుకునేవాళ్ళకు చోటు చూపించాలి, చలిమంటకు కట్టెలివ్వాలి, అల్లరి చేసేవాళ్ళను కసరాలి. కసరడంలో ఆర్డిస్‌ను మించినవాళ్ళు ఈ జిల్లాలో లేరని రేంజర్‌కు తెలుసు. అతనూ ఆవిడ బఠాణీలు తిన్నవాడే. "పని మీదే, మిసెస్ టీ. కానీ మే నెలాఖరు సెలవులకు, శనివారం మధ్యాహ్నంలోగా మీ ట్రైలరు స్థలంలో ఉండాలి. లేకపోతే డులూత్ నుంచి ఒక జంట కాచుకుని ఉన్నారు," అన్నాడు.

ఆవిడకు ట్రైలరు లేదు. ఆవిడ ఈడువాడైన ఓర్లిన్ సీమకోళ్ళ ఫారం వెనకాల, గడ్డిలో కూరుకుపోయి ఒకటి ఉంది. అరవయ్యో దశకం మొదట్లో చేసినది, హామ్ డబ్బాను పక్కకు తిప్పి చక్రాలు బిగించినట్టుంటుంది. లోపల కోళ్ళు కాపురముండేవి. "తీసుకుపో ఆర్డిస్, నాకు చోటు కలిసొస్తుంది," అన్నాడు ఓర్లిన్. అలా అంటే అది సాయం కాదు కాబట్టి ఆవిడ ఒప్పుకుంది. షెడ్డులో చోటిస్తానని నేను అడిగితే మాత్రం మూడుసార్లూ వద్దంది. నేను ముందు ట్రైలరును లోపలికి లాగేసి, పడవలన్నీ దానికి అడ్డంగా పెట్టేసి, ఆ తర్వాత నాలుగోసారి అడిగాను.

చలికాలమంతా ఆవిడ అందులోనే ఉంది. కుళ్ళిన గోడ పలకలను ఒక్కొక్కటే పెళ్ళ రాలకుండా ఊడదీసి, కేకుల కింద పరిచే కాగితం మీద పెట్టి, పెన్సిలుతో అంచు గీసి, కొత్త ప్లైవుడ్‌ను ఆ కాగితం ప్రకారం కోసింది. రొట్టె పిండి కోసినంత నమ్మకంగా కోసేది. ఎలుకల గూళ్ళు తీసింది. సింకు కింద నేల కాలు పెడితే దిగిపోయేది, దాన్ని పెకలించి కొత్త చెక్క వేసింది. గోడ అలమర ఒక్కటే మొండికేసింది. లోపల ఎక్కడా స్క్రూ కనిపించదు, లాగితే రాదు. పాపం దానితో చాలారోజులు కుస్తీ పట్టింది.

ఒకరోజు బన్నీ హాగెన్ వచ్చి చూశాడు. బన్నీ అంటే కుందేలు. మా ఊరి మంచు తోసే లారీ నడుపుతాడు, గుమ్మంలో పక్కకు తిరిగి దూరుతాడు, పేరు చిన్నప్పుడు పెట్టారు.

"మిసెస్ టీ, దాన్ని బిగించింది బయట్నుంచి. ఈ బళ్ళకు లోపలి సామానంతా ముందు కట్టేసి, పైరేకు చివర్న తొడుగుతారు. రేకు విప్పితే గానీ రాదు," అన్నాడు.

"ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"మూడుసార్లు సాయం కావాలా అని అడిగాను. వద్దన్నారుగా."

ఆవిడ సుత్తి అందుకుంది.

బన్నీ ఆరోజు నుంచి పద్ధతి మార్చాడు. ఆదివారం ఆవిడ చర్చిలో పాడుతున్న సమయంలో వచ్చి, ఇరుసు మీద స్ప్రింగుల్లా పనిచేసే, చచ్చుబడ్డ పాత కమాన్లు తీసేసి కొత్తవి బిగించాడు. "ఆవిడ లేనప్పుడు చేస్తే అది సాయం కాదు కర్ట్, దొంగతనం కిందకి వస్తుంది," అని నాకు చెప్పాడు. నాకీ మాట బాగా నచ్చింది. షెడ్డు గడప దగ్గర నేల పగిలి గతుకులుగా ఉండేది. ట్రైలరు బయటికి వచ్చేటప్పుడు కుదుపు తగలకూడదని, ఎవరికీ చెప్పకుండా కొత్త కాంక్రీటు పోసి నున్నగా చేశాను. ఓర్లిన్ కూడా, నాకూ బన్నీకీ తెలియకుండా, ఒక ఆదివారం పాత టైర్లు తీసేసి కొత్త టైర్లు తొడిగించాడట. ఆర్డిస్ ఇవన్నీ చూసిందో లేదో తెలియదు. చూసినట్టు ఒప్పుకుంటే కృతజ్ఞత చెప్పాల్సి వస్తుంది కదా.

వసంతానికి లోపల చూడాలి. భూర్జ చెక్క గోడలకు లక్క పూత వేస్తే, పాలు పోయని టీ రంగులో వెలిగిపోతున్నాయి. బడి వేదికకు వేలాడిన పాత ఆకుపచ్చ తెర కోసి కిటికీలకు పరదాలు కుట్టింది. బల్ల మడిచి, దిళ్ళు సర్దితే మంచమవుతుంది. మూడు పొయ్యిల స్టౌ మీద కోళ్ళు చేసిన ఘనకార్యమంతా పోయి లేత ఆకుపచ్చ ఎనామెల్ బయటపడింది. ఒకదాని పక్కన ఒకటి అన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. తలుపుకు లోపలివైపు కొత్త ఇత్తడి గడియ. ఆ గడియను ఆవిడ మాకు వేసి చూపించింది, తీసి చూపించింది, మళ్ళీ వేసి చూపించింది.

శుక్రవారం పొద్దున్న నా ట్రాక్టరుకు తగిలించి బయటికి లాగాను. సగం గడప దాటాక పైన దబ్బుమంది. ట్రైలరు నెత్తి తలుపు దూలానికి కొట్టుకుంది.

"పోయిన అక్టోబరులో లోపలికి సులువుగా పోయిందిగా! బండి పెరిగిందా, షెడ్డు కుంగిందా?" అంది ఆర్డిస్.

నేను బన్నీ వంక చూశాను. బన్నీ నేల వంక చూశాడు.

"కమాన్లు కాస్త... కొత్తవి వేశానండి," అన్నాడు బన్నీ.

"టైర్లు కూడా కొంచెం..." ఓర్లిన్ గొంతు సవరించుకున్నాడు.

"కర్టిస్?"

"గడప దగ్గర కొద్దిగా కాంక్రీటు పోశాను, మిసెస్ టీ. నున్నగా ఉంటుందని."

మా ముగ్గురి మర్యాదా కలిపితే రెండు వేళ్ళ మందం. టైర్లలో గాలి తీసేస్తే ఒక వేలు తగ్గింది. ఇంకో వేలు మిగిలింది. కొత్త కాంక్రీటు పగలగొడదామంటే అది రాయిలా బిగిసిపోయింది. జీవితంలో నేను ఏదైనా పని చక్కగా చేశానంటే అదొక్కటే. రంపం తెచ్చి దూలం కోస్తానన్నాను.

"కర్టిస్! తలుపంతా ఆ దూలానికి వేలాడుతోంది. నా డబ్బా కోసం నీ కప్పు కూలదోస్తావా?"

"ఇసుక మూటలు వేస్తే కమాన్లు కిందికి దిగుతాయి," అన్నాడు బన్నీ.

"నా లక్క పూత మీద ఇసుకా? ముట్టుకో చూద్దాం."

రేపు మధ్యాహ్నం దాటితే ఆ చోటు డులూత్ వాళ్ళది. ఆవిడ రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. ఆవిడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. చాలాసేపయ్యాక నన్ను నఖశిఖ పర్యంతం చూసి, మెల్లగా అడిగింది.

"కర్ట్, నువ్వు... తిండి బాగానే తింటావు కదూ?"

"తింటానండి."

"జోలీన్?"

"ఆ మాట నేను చెప్పలేనండి. ఆమెతోనే కాపురం చేయాలి."

మా ఊళ్ళో బరువు ఎవరూ ఎవర్నీ అడగరు. చేపల పోటీలో చేపను తూస్తాం గానీ మనిషిని తూయం. ఆర్డిస్ సాయంత్రం అందరికీ ఫోన్లు చేసింది. "రేపు పొద్దున్న ట్రైలర్లో కొంచెం కాఫీ తాగుదాం, రండి," అంది. అంతే. చర్చిలో కలిసి పాడేవాళ్ళంతా వచ్చారు. బూట్లు బయట విప్పి, మేజోళ్ళతో లోపలికి నడిచారు. ఆవిడ గుమ్మం దగ్గర కాఫీ కెటిల్‌తో నిలబడి ఒక్కొక్కరికీ చోటు చూపించింది.

"బన్నీ, నువ్వు మధ్యలో, ఇరుసు మీద... అంటే, అక్కడ దిండు మెత్తగా ఉంటుంది. ఓర్లిన్, నువ్వు వాడి ఎదురుగా. జోలీన్, అమ్మా, నువ్వు కిటికీ దగ్గర కూర్చో, గాలొస్తుంది."

మా ఆవిడ కూర్చుంది, పక్కన నేను. చివరికి లవోన్ వచ్చింది. ఆమె సన్నగా, గాలికి ఊగే మనిషి.

"లవోన్, నువ్వు బయటే నాతో ఉండు," అంది ఆర్డిస్.

లవోన్ మొహం వెలిగిపోయింది. జోలీన్ కప్పు కింద పెట్టి నా వంక తిరిగింది.

"ఏమయ్యా, లవోన్‌ను ఎందుకు రావద్దన్నారు?"

నేను కేకు ముక్క నోట్లో పెట్టుకున్నాను. నోటినిండా ఉంటే ఎవరూ జవాబు అడగరని నా నమ్మకం.

"ఆర్డిస్, మమ్మల్ని తూకం రాళ్ళలా పేర్చావా?" అన్నాడు ఓర్లిన్ మెల్లగా.

ఆవిడ మొహం ఎర్రగా కందిపోయింది. కెటిల్‌ను గుండెకు హత్తుకుంది.

"బండి ఒక వేలు ఎత్తున దూలానికి తగులుతోంది. మీరంతా కూర్చుంటే దిగుతుంది. మధ్యాహ్నంలోగా నేను పార్కులో ఉండాలి. నాకు..." ఆగింది. "నాకు మీ సాయం కావాలి."

ఈ మాట ఆవిడ నోటి నుంచి రావడం మా ఊరు ఎప్పుడూ వినలేదు. ముందుగా తేరుకుంది బన్నీయే. ఖాళీ పళ్ళెం ముందుకు చాచాడు.

"అయితే ఇంకో ముక్క పెట్టండి మిసెస్ టీ. పని కోసమే."

"నాక్కూడా," అంది జోలీన్. "పెద్దది."

నేను దిగి ట్రాక్టరు ఎక్కబోయాను. "నువ్వు దిగితే ఎలా? కూర్చో! లవోన్ నడుపుతుంది," అని లోపల్నుంచి అందరూ ఒక్క గొంతుతో అరిచారు. ముప్పై ఏళ్ళుగా డాక్టరు నా పొట్ట చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు. దాని అవసరం ఇంతమందికి ఒకేసారి పడింది ఆరోజే.

లవోన్ ట్రాక్టరును నత్తలా కదిలించింది. ఆర్డిస్ పక్కనే నడుస్తూ, తల పైకెత్తి దూలం వంక చూస్తూ, "ఊపిరి బిగబట్టకండి! వదలండి! బరువుగా ఉండండి!" అని కేకలేసింది. బరువుగా ఎలా ఉండాలో ఎవరికీ తెలియదు, అయినా అందరం ప్రయత్నించాం. కాఫీ కప్పులు టకటకలాడాయి. నెత్తిన ఏదో గీరుకుపోయిన చప్పుడు. పరదాల మీద ఎండ పడింది. బయటపడ్డాం.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మాది అలాంటి ఊరు కాదు. "బాగానే వచ్చింది," అన్నాడు ఓర్లిన్. ఆర్డిస్ గుమ్మంలో నిలబడి మా అందరినీ ఒక్కొక్కరినీ చూసింది. "మీరు ఇలా... ఇంత బాగా తినడం... నా అదృష్టం," అంది. కళ్ళు తుడుచుకుని, తడిగుడ్డ తీసుకుని బల్ల మీద పొడి తుడవడం మొదలుపెట్టింది. అంతకంటే పెద్ద కృతజ్ఞత మాకెవ్వరికీ అక్కర్లేదు. ఎవరూ ఓ పట్టాన లేవలేదు కూడా. టైర్లలో గాలి నింపాలని బతిమాలితే దిగారు.

మధ్యాహ్నానికి ముందే ట్రైలరు సరస్సు ఒడ్డున, తన చోట్లో ఉంది. రేంజర్ చేతికి ఆవిడ మిగిలిన కేకు ఇచ్చింది. అతను వద్దన్నాడు. ఇంకో ముక్క కలిపి ఇచ్చింది.

ఆదివారం సాయంత్రం నేనూ జోలీన్ ఆవిడను చూడ్డానికి వెళ్ళాం. తలుపు మూసి ఉంది. తట్టాం.

"ఎవరది?"

"మేమే, కర్ట్, జోలీన్."

"ఆగండి! బట్టలు మార్చుకుంటున్నా!"

గడియ వేసే ఉంది. ఆవిడ తొందరపడలేదు. లోపల ఏదో కూనిరాగం తీస్తూ, అలమర తెరిచి మూస్తూ, తీరిగ్గా మార్చుకుంది. సరస్సు మీద నుంచి దోమలు దండుగా వచ్చి మా మీద వాలాయి. జోలీన్ మెడ మీద చరుచుకుంది, నేను చెంప మీద చరుచుకున్నాను. మళ్ళీ తట్టబోయిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ," అంది గుసగుసగా. "ఎంతసేపైనా ఉండనీ."