ఎర్రబడిన కమాను

సౌదీలోని హుఫూఫ్ పాతబస్తీలో మేస్త్రీ భోజన్న కట్టిన వాకిలి కమాను నిలబడింది. రెండుసార్లు కూలి, మూడోసారి, కింద చెక్కల ఆధారం లాగేసినా రాయి కదలకుండా నిలబడింది. జగిత్యాల పక్క పల్లెలో బడికి గోడలెత్తిన చెయ్యి అది, దమ్మామ్‌లో ఆరంతస్తులకు ఇటుక పేర్చిన చెయ్యి అది. ఇనుము లేకుండా, సిమెంటు లేకుండా రాతిని రాతికే ఒరిగించి నిలబెట్టడం మాత్రం ఇదే మొదలు.

అదొక పాతకాలపు వర్తకుడి ఇల్లు. దాన్ని పూర్వంలాగే రాయితో, సున్నంతో బాగుచేయించడానికి జర్మనీ నుంచి ఉర్సులా మేడమ్ వచ్చింది. ఆమె మాటలు మేస్త్రీలకు తెలుగులో చెప్పేవాడు కాకినాడ జ్ఞానరాజు, సైటు సూపర్‌వైజరు.

మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు మేడమ్ తన ఊరి కథ చెప్పేది. తొమ్మిది వందల ఏళ్ల కిందట ఆ చోటు ఉత్త బురదనేలట. క్రైస్తవ సన్యాసులు కొందరొచ్చి, కాలువలు తవ్వి నీళ్లు మళ్లించి మఠం కట్టుకున్నారు. కట్టడానికొచ్చిన మేస్త్రీల గుడిసెలే పెరిగి ఊరైంది. ఊరు బలిశాక పిండిమర తిప్పే నీళ్ల కోసం మఠంతోనే తగువు. ఒకసారి ఊరంతా తగలబడింది, మఠం కప్పు కూలింది. వాకిలి కమాను మాత్రం ఇప్పటికీ ఉంది. ప్రతి రాతిమీదా చెక్కినవాడి గుర్తుంది.

"పేర్లు లేవంట, గుర్తులే మిగిలాయంట," అన్నాడు జ్ఞానరాజు.

"గుర్తుంటే చాలదా రాజన్నా? తొమ్మిది వందల ఏండ్లు!" అన్నాడు భోజన్న.

వారం తిరగకముందే కమాను నడినెత్తిన గచ్చు నెత్తురు చిమ్మినట్టు ఎర్రబడింది. ఉర్సులా నిచ్చెనెక్కి చూసింది. సున్నంలో ఏదో కల్తీ పడింది, కమాను విప్పి మళ్లీ కట్టాలని చెప్పి దిగిపోయింది.

కల్తీ కాదని భోజన్నకు తెలుసు. రెండోసారి కూలిననాడు ఇంటినుంచి భార్య పోశమ్మ ఫోన్‌లో కసిరింది: "గడపకు పసుపు వెట్టకుండ కడ్తే యాడ నిలుస్తదయ్యా?" ఆ మాట పట్టుకుని, మూడోసారి నడినెత్తి రాతికి వంటపసుపు దట్టంగా రాసి బిగించాడు. పసుపుకు సున్నం తగిలితే ఏమవుతుందో పారాణి పెట్టే ప్రతి ఇంటికీ తెలుసు. ఆ తొందరలో ఆయన మరిచాడు.

సంగతి విని జ్ఞానరాజు తల పట్టుకున్నాడు. "నీ పసుపు బంగారంగానూ! ఇక్కడ పూజ చేశావంటే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి దేశం నుంచే పంపేస్తారయ్యా. నోరు మూసుకుని విప్పేయ్. మళ్లీ కట్టుకుందువుగాని."

"కూలిందంటే మల్ల కడ్త. నిలవడ్డదాన్ని నా చేతులతోని నేనెట్ల కూల్చాలె? పంపిస్తే పంపియ్యనీ. నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

"నీకు ఇంగ్లీషొచ్చా?"

"పసుపు పొట్లం ఉన్నది గద!"

అన్నంత పనీ చేశాడు. మేడమ్ ఎదుట అరచేతిలో పసుపు పోసి, తడిసున్నం వేసి రుద్దాడు. చెయ్యి ఎర్రగా పండింది. ఆమె చేతివంక చూసింది, కమానువంక చూసింది. ఎందుకు రాశావని అడిగింది.

"గడపకు మేమిచ్చే మర్యాద అని చెప్పు రాజన్నా."

తనకు చెప్పకుండా రాతికి గోరంత ఏది అంటించినా ఊరుకోనని మేడమ్ గట్టిగానే మందలించింది. ఎర్రబడిన గచ్చు గీకించి, రాయి కడిగించి, కొత్త గచ్చు వేయించింది. కమాను జోలికి పోలేదు. చివరికి ఉలి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"వాళ్లూరి మేస్త్రీలు గుర్తు ఉలితో పెట్టారంట. నువ్వూ ఉలితోనే పెట్టు, పసుపుతో కాదంటోంది," అన్నాడు జ్ఞానరాజు నవ్వాపుకోలేక.

నడినెత్తి రాతి మీదే ఒక పక్కన చిన్న తాపీ గుర్తు చెక్కాడు భోజన్న. లోపలి వాకిలి కమాను కూడా ఆయనకే ఒప్పజెప్పారు. ఇప్పుడు సెలవు మీద ఇంటికెళ్లాడు. రాళ్లు పేర్చి ఉంచారు, ఆయన వచ్చేదాకా వాటిమీద ఇంకో చెయ్యి పడకూడదని మేడమ్ ఆజ్ఞ. ఆయన తిరిగి వచ్చేది మార్చి పద్నాలుగున.