అల్లుడి ఓడలో అడ్డం పెట్టిన చేయి

2014 ఏప్రిల్‌లో మా కంపెనీ నన్ను మూడు వారాల డెప్యుటేషన్ మీద వేసింది. వారానికో ఓడ చొప్పున మూడు తరగతుల విహార ఓడలెక్కి, వాటిల్లో బఫే ఎలా నడుస్తుందో చూసి, పోల్చి చెప్పాలి. అప్పటికి నేను రాజుపాలెం వదిలి ఓడల్లో చేరి చాలా ఏళ్ళయింది. హోదా బఫే సూపర్‌వైజర్. భుజం మీద ఒక చార. ఐదు వేల మందికి మూడు పూటలా నేనే తిండి పెట్టేవాణ్ణి.

ఈ చివరి వాక్యం నిజం కాదు. ఐదు వేల మందికి వండేది గ్యాలీ, అంటే ఓడలో వంటశాల. దాని మీద ఎగ్జిక్యూటివ్ షెఫ్ ఉంటాడు. వడ్డనశాల మొత్తానికి బఫే మేనేజరు ఉంటాడు. నా చేతి కింద ఉన్నది ఎడమ వైపు వేడి వంటకాల వరసా, ఆమ్లెట్ల కౌంటరూ. ఊళ్ళో అట్టా చెప్పి చెప్పి అలవాటై, కాగితం మీద కూడా చేయి అటే పోతోంది. ఎవరన్నా పట్టుకునేలోపు నేనే ఒప్పేసుకుంటుంటాను. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఆ డెప్యుటేషన్ ఊరికే వెయ్యలేదు. కంపెనీ ఫ్లీట్ ట్రైనర్ అనే కొత్త పోస్టు పెట్టింది. అన్ని ఓడలూ తిరిగి బఫే సిబ్బందికి పని నేర్పే పోస్టు. దానికి చివరిదాకా మిగిలింది ఇద్దరం. నేనొకణ్ణి. రెండోవాడు మాచర్ల సుభానీ. హైదరాబాదులో కేటరింగ్ కాలేజీలో నా పక్క బెంచీవాడు. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళకు బిర్యానీ దేగిశాలు దించే వంట మాస్టరు. కాలేజీలో ఇద్దరికీ ఒకే మార్కులు. అయినా వాడు కంపెనీలో అన్నిటికంటే ఖరీదైన ఓడలో బఫే మేనేజరు, భుజం మీద రెండు చారలు. నేను జనం కిక్కిరిసే పెద్ద ఓడలో ఒక చార. ఎందుకిట్టా అయిందని నన్నడిగితే వాడికి అదృష్టమంటాను. వాణ్ణడిగితే ఏమంటాడో నేనెప్పుడూ అడగలేదు.

ట్రైనర్ పోస్టుకు ఇంకో సౌకర్యం ఉంది. భార్యను ఓడ మీదకు తెచ్చుకోవచ్చు. నా హోదాకు అది లేదు. మా ఆవిడ కరుణకు నా ఓడ ఫోన్‌లో ఫోటోగానే తెలుసు. నేనేమో పోస్టు రాకముందే వచ్చేసిందని చెప్పాను. ఆమె పాస్‌పోర్టు తీయించింది. చర్చిలో అక్కలందరికీ చెప్పింది. నరసరావుపేట వెళ్ళి, తడి నేల మీద జారని చెప్పులు కొనుక్కుంది. “ఓడలో చీర కడితే ఏమన్నా అనుకుంటారా ఏందయ్యా?” అని ఫోన్‌లో అడిగితే, “కెప్టెన్ భార్యే కడతది” అన్నాను. మా కెప్టెన్‌కు పెళ్ళే కాలేదు.

ఇక ఓడల సంగతి. కంపెనీ వాటికి పెట్టిన తరగతుల పేర్లు వేరు. నేను నా వాడుకకు తిరనాళ్ళ ఓడ, పెళ్ళి ఓడ, అల్లుడి ఓడ అని పేర్లు పెట్టుకున్నాను.

తిరనాళ్ళ ఓడంటే నాదే. ఎక్కిన రోజు జనానికి గదులు సిద్ధమై ఉండవు. సంచీలు భుజాన వేసుకుని అందరూ ఒక్కసారి బఫే మీదకొస్తారు. కోటప్పకొండ తిరనాళ్ళలో ప్రభల దగ్గర నలిగినవాడికి తప్ప ఆ గుంపు అర్థం కాదు. గుమ్మం దగ్గర ఒకడు చేతులు కడుక్కోండని పాట పాడుతుంటాడు, ఎందుకంటే ఒకరికి వాంతులు పట్టుకుంటే ఓడంతా అంటుకుంటుంది. మొదటి రెండు రోజులు యాత్రికుల చేతికి గరిటె ఇవ్వం, మేమే వడ్డిస్తాం. ఆ తర్వాత ఎవరికి వాళ్ళే. వరసలో ముందు రొట్టె, తర్వాత బంగాళాదుంప, తర్వాత ఆకుకూరలు పెడతాం. రొయ్యలు చిట్టచివర. అక్కడికి చేరేసరికి ప్లేటులో చోటుండదు. ఇది మా రహస్యం కాదు, ప్రపంచంలో ప్రతి పెద్ద ఓడా చేసే పనే. బయట పెట్టిన ప్రతి పాత్రకూ గడువుంటుంది, అది దాటితే ఎంత మిగిలినా పారేయాల్సిందే. మిగిలిందాన్ని పారేసేటప్పుడు మా పల్నాడు వాడికి ప్రాణం ఉసూరుమంటుంది.

రెండో వారం పెళ్ళి ఓడ. జనం సగం, ప్లేట్లు పింగాణీవి. పెద్ద పాత్రల బదులు చిన్న ఇనప మూకుళ్ళలో కొంచెం కొంచెం తెచ్చి పెడతారు. ఆడపెళ్ళివారి పక్షాన నిలబడ్డ పెద్దమనుషుల్లాగా, వడ్డించే స్టీవార్డులు తిరుగుతుంటారు. రొయ్యలు వరస మధ్యలో ఉన్నాయి. దాని మీద నాకు పెద్దగా అసూయ పుట్టలేదు. ఆ ఓడలో నాకు తెలిసినవాడెవడూ లేకపోవడం వల్లే అనుకుంటాను.

మూడోది అల్లుడి ఓడ. సుభానీ ఓడ. గ్యాంగ్‌వే మీద, అంటే రేవు నుంచి ఓడలోకి వేసిన నిచ్చెన వంతెన మీద, వాడే ఎదురొచ్చాడు.

“రా బావా రా. ఏందిట్టా బక్కచిక్కావు? ఆ ఓడలో సూపర్‌వైజర్లకు తిండి పెట్టరా ఏంది?”

“నీదాన్లాగా నిలబెట్టి తినిపించే ఓడ కాదులేరా మాది” అన్నాను.

కొత్తల్లుడికి అత్తారింట్లో ఎట్టా జరుగుతుందో ఆ ఓడలో యాత్రికులకు అట్టా జరుగుతుంది. రొయ్యలు మొట్టమొదట్లోనే, మంచు గడ్డల మీద, పక్కనే చేపగుడ్ల గిన్నె. యాత్రికుడు ప్లేటు పట్టుకుని అటు తిరిగేలోపు ఒక స్టీవార్డు వచ్చి ఆ ప్లేటు అందుకుని బల్ల దాకా మోసుకెళ్తాడు. ఏ పాత్రా సగం కంటే తగ్గి కనపడదు. తగ్గితే లోపలికి పోతుంది, నిండుది వస్తుంది. యాత్రికులు సుభానీని పేరు పెట్టి పిలిచి పలకరిస్తున్నారు. నన్ను నా ఓడలో “ఎక్స్‌క్యూజ్ మీ” అని పిలుస్తారు. వాడి గదికి సముద్రం కనిపించే గుండ్రటి కిటికీ ఉంది. నా గది నీటి మట్టానికి కింద, అందులో ఇంకొకడి గురక. ఆఖరికి వాళ్ళ సిబ్బంది మెస్సులో పెరుగు కూడా పులవలేదు. అదీ నాకు గిట్టలేదు.

నేను వారమంతా లోపాలు వెతికాను. థర్మామీటరు పెట్టి వంటకాల వేడి చూశాను. పాత్రలెత్తి అడుగులు చూశాను. తెల్ల చేతిరుమాలుతో కౌంటరు మూలలు తుడిచాను. ఒకరోజు ఒక ద్రాక్షపండు బల్ల కిందకు దొర్లి ఉండటం చూసి నాకు కలిగిన ఆనందం చెప్పరానిది. డైరెక్టరుకు చూపిద్దామని వెనక్కి తిరిగేలోపు ఎవరో తీసేశారు.

డైరెక్టరంటే ఆ ఓడ ఎఫ్ అండ్ బీ డైరెక్టరు, తిండి తాగుడు వ్యవహారాలన్నిటికీ అధిపతి. గ్రీకు దేశస్థుడు, తక్కువ మాటల మనిషి. ఆయన మా ఇద్దరికీ ఒక పరీక్ష పెట్టాడు. ఆదివారం బ్రంచి, అంటే టిఫినూ భోజనమూ కలిపి పొద్దెక్కాక పెట్టే పెద్ద వడ్డన. హాలు రెండు భాగాలు చేసి కుడి వైపు సుభానీకి, ఎడమ వైపు నాకు ఇచ్చాడు. ఎవరి పద్ధతి యాత్రికులకు నచ్చుతుందో చూస్తానన్నాడు.

ముందురోజు మధ్యాహ్నం సుభానీ నన్ను పక్కకు పిలిచాడు. “బావా, ఒక్కటి చెప్తా విను. ఈళ్ళు చానా తక్కువ తింటారు. బలవంతం చెయ్యమాక.”

“సరేలేరా” అన్నాను. మనసులో మాత్రం, వీడు నా చేయి కట్టేయాలని చూస్తున్నాడు, నేను నాలుగు మాటలు కలిపి కొసరి వడ్డిస్తే నా వైపే జనం నిండుతారని భయం పట్టుకుంది వీడికి, అనుకున్నాను. వాడు చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం చెయ్యాలని అక్కడే తీర్మానించుకున్నాను.

నేను వడ్డన నేర్చుకున్నది కేటరింగ్ కాలేజీలో కాదు. మా చర్చి ప్రేమ విందుల్లో. బంతిలో సాంబారు బకెట్టు పట్టుకుని నడిచేటప్పుడు మా పెదనాన్న వెనక నుంచి అరిచేవాడు: “చెయ్యి అడ్డం పెట్టినోడికే ఇంకో గరిటె వెయ్యరా! పెట్టనోడు ఎట్టాగూ అడిగి పోయించుకుంటాడు.” మా వైపు విస్తరి మీద చేయి అడ్డం పెట్టడమంటే మర్యాద. ఆ చేతిని చూసి గరిటె వెనక్కి తీసుకున్నవాడు పిసినారి. వేళ్ళ సందుల్లోంచి ఒడుపుగా జారవిడవడమే వడ్డనలో పనితనం.

బ్రంచి మొదలైంది. నా వైపు నిజంగానే సందడిగా ఉంది. కెనడా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, సన్నగా, తెల్లటి జుట్టుతో, ఒక ఉడికించిన గుడ్డూ రెండు పచ్చటి కాడలూ పెట్టించుకుని నా ముందుకొచ్చింది. నా దగ్గర ఉన్నది హాలండేజ్ సాసు, గుడ్డు సొనా వెన్నా నిమ్మరసమూ గిలకొట్టి చేసేది. ఒక గరిటె వేశాను. చాలంటూ ఇంగ్లీషులో ఏదో అని ప్లేటు మీద చేయి అడ్డం పెట్టింది.

నా కళ్ళకు ఓడ కనపడలేదు. బంతి కనపడింది. నవ్వుతూ, “వన్ మోర్ మేడమ్” అని, వేళ్ళ సందుల్లోంచి వంచాను. ఆమె వేళ్ళు విడిగా లేవు. గరిటెడు సాసూ చేతి మీద పడి, గోలీకాయంత వజ్రపు ఉంగరం మీదుగా కారి, మోచేతి దాకా పాకింది.

ఇక్కడ ఒక మాట. నరసరావుపేట బస్టాండు పక్క టీ కొట్టులో ఈ కథ నేను వేరేగా చెబుతాను. సుభానీ వెనకగా వచ్చి నా మోచెయ్యి తట్టాడని, అందుకే గరిటె ఒలికిందని. ఆ కొట్టులో చాలామంది ఇప్పటికీ సుభానీని మోసగాడనే అనుకుంటున్నారు. నిజానికి వాడు ఆ క్షణంలో హాలుకు అవతలి చివర ఉన్నాడు. ఉంగరంలో వజ్రం కూడా లేదు, ఒట్టి బంగారపు చుట్టు. ఆమె చెయ్యి కాలలేదు. ఎందుకంటే ఆ సాసును గోరువెచ్చగానే ఉంచాలి, వేడి ఎక్కువైతే విరిగిపోతుంది. ఆ విషయంలో నా పనితనానికి వంక పెట్టలేరు.

డైరెక్టరు మొహం ఎర్రబడింది. సుభానీ తడిగుడ్డతో నడుచుకుంటూ వచ్చాడు, పరుగెత్తలేదు. ఆమె చేయి తుడుస్తూ ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు: మేడమ్, మా జిల్లాలో అతిథి ప్లేటు మీద చేయి అడ్డం పెడితే మొహమాటపడుతున్నాడని అర్థం, అక్కడితో ఆగిపోయిన ఇంటివాణ్ణి లోభి అంటారు, మా దావీదు మిమ్మల్ని ఇంటికొచ్చిన బంధువు అనుకున్నాడు.

ఆమె పకపకా నవ్వింది. అయితే ఇంకో గరిటె వెయ్యమంది. నన్ను కాదు. సుభానీని.

డైరెక్టరు నా వైపు తిరిగి, ఇది నిజమేనా అని అడిగాడు. అవును సార్ అన్నాను. మన కొత్త సిబ్బందిలో సగం మంది ఇలాంటి ఊళ్ళ నుంచే వస్తారు, ఇది మొదటి రోజే అందరికీ చెప్పాలి, అని ఆయన సుభానీతో అన్నాడు. నా ఉద్యోగం నిలబడింది. ట్రైనర్ పోస్టు వాడికి దక్కింది. నా గరిటె ఒలికితే వాడి భుజం మీద మూడో చార మొలిచింది. ఇంతకంటే కడుపు మండే సంగతి నా సర్వీసులో ఇంకోటి లేదు.

కరుణకు ఫోన్ చేసి చెప్పాను. “ఆ చెప్పులు చర్చికి ఏసుకుంటాలే” అంది. పాస్‌పోర్టు గురించి మాత్రం ఇద్దరం మాట్లాడలేదు. మరుసటేడు సుభానీ భార్య నూర్జహాన్ ఓడెక్కింది. డెక్కు మీద చీరలోనే నిలబడి ఉన్న ఫోటో కరుణకు పంపింది. ఎవరూ ఏమీ అనుకోలేదని కింద రాసింది.

ఇప్పుడిద్దరం రిటైరయ్యాం. పోయిన నెల సుభానీ గుంటూరు పోతూ మా ఇంట్లో భోజనానికి ఆగాడు. కరుణ గోంగూర మాంసం వండింది. రెండోసారి వడ్డించబోతే వాడు చేయి అడ్డం పెట్టి, “చాలు చెల్లెమ్మా, చాలు” అన్నాడు. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను, వేస్తుందా ఆగుతుందా అని.

కరుణ గరిటె అలాగే గాల్లో ఆపింది. “నిజంగా చాలా, మాట వరసకా?”

“మాట వరసకే” అని చేయి తీసేశాడు. వేయించుకుని, నా వైపు చూసి, “ట్రైనర్ ఉద్యోగం ఇవ్వాల్సింది మా చెల్లెమ్మకు బావా. మనిద్దరికీ కాదు” అన్నాడు.

అప్పటి నుంచి నాకు ఇంట్లో కూడా ఒకరి మీద కుళ్ళు.

ఈ వృత్తిలోకి రాబోయేవాళ్ళకు ఆ మూడు వారాలూ నేర్పింది ఇది. తిరనాళ్ళ ఓడలో కన్ను పాత్ర మీద ఉంచాలి, పెళ్ళి ఓడలో వరస మీద, అల్లుడి ఓడలో అతిథి చేతి మీద. ఏ తరగతి ఓడలోనైనా చేయి అడ్డం వస్తే గరిటె ఆగాలి, నోటితో అడగాలి, జవాబు విన్నాకే కదలాలి. ఈ మాటలు కంపెనీ శిక్షణ పుస్తకంలో మొదటి పేజీలో ఉన్నాయి. వాటి కింద సుభానీ పేరుంది.

లేదు. కంపెనీ పుస్తకాల్లో ఎవరి పేర్లూ వెయ్యరు. నాకు మాత్రం ఉన్నట్టే కనపడుతుంది.