రాజమ్మ ముట్టిన మోటరు

నిరుడు పరకాల దగ్గరి ఒక ఊళ్లో మూఢనమ్మకాల మీద ప్రసంగించడానికి వెళ్లాను. సభ అయ్యాక, చెరువులో చేపలు పట్టే రాజమ్మ తన పడవ వెనక తగిలించే పాతకాలపు మోటరు చూపించింది. భర్త పోయాక ఏడాదిగా మూలన పడి ఉండి అది బిగుసుకుపోయింది.

"ముండమోపి ముట్టింది, గందుకే పట్టేసింది. ఆ పడవ నాకియ్యి," అన్నాడు ఆమె భర్తకు అన్నయ్య అయిన కొమురయ్య.

నాకు ఒళ్లు మండింది. "పట్టేసింది తుప్పు! పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ఇంజన్లు విప్పినవాణ్ని. ఇది నడవకపోతే మళ్లీ మైకు పట్టను," అని అందరి ముందూ అనేశాను.

ప్లగ్గు తీసి సిలిండరులో కిరోసిన్, ఇంజన్ ఆయిల్ కలిపి పోశాను. వారం నానాక మళ్లీ వెళ్లి తిప్పితే లోపలి పిస్టన్ మెల్లగా కదిలింది. కార్బురేటర్ కడిగి, కొత్త ప్లగ్గు వేసి, మోటరును పడవకు బిగించి జనం ముందు తాడు లాగాను. ఇరవైసార్లు లాగినా ఉలుకూ పలుకూ లేదు.

"ఏంది సారూ, సైన్సుకు దమ్మొస్తాందా?" అన్నాడు కొమురయ్య. జనం ఘొల్లుమన్నారు.

"జర జరుగు సారూ," అంటూ రాజమ్మ వచ్చి పెట్రోలు ట్యాంకు మూత మీది చిన్న మర తిప్పింది. "దీన్ల నుంచి గాలి పోకుంటే పెట్రోలు దిగది. మా ఆయన తిప్పుతాంటే రోజూ చూసిన."

ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకు ఆ మర గుర్తే రాలేదు! ఆమె తాడు లాగింది. రెండో గుంజుకే మోటరు నీలిపొగ కక్కుతూ అందుకుంది.

"బావా, ఎక్కుతవా? నేను ముట్టిన మోటరే," అంది రాజమ్మ.

కొమురయ్య చెప్పులు చేత పట్టుకుని ఎక్కాడు.

ఎన్నో సభల్లో గెలిచాను. నేను ఓడిపోతుండగా నా వాదన గెలిచింది మాత్రం ఆ రోజే.