గూడబాతులు ఒల్లని ఇనుప చెట్లు

నిన్న విజయనగరంలో ఒక కాలేజీ గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద మా పాత దొరగారి బొమ్మ చూశాను. ‘ప్రకృతిని చూసి నేర్చుకోవడం’ అనే విషయం మీద ఆయన ఉపన్యాసమట. ఆటోలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఎదురుగా కొంగ వాలినా ఫైలు తిరగేసి గానీ నమ్మని మనిషి ఆయన.

అప్పట్లో నేను అటవీశాఖలో ఆయన కింద గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా మేనత్తది నరసన్నపేట దాటాక ఒక పల్లె. ఏటా వానలు వెనకపట్టగానే గూడబాతులు, అంటే సంచిముక్కు పెలికాన్లు, వచ్చి అక్కడి చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి. ఊరంతా నీచు కంపు. అయినా అవి వచ్చిన ఏడు పంట పండుతుందని జనం ఓర్చుకునేవారు. కొత్త కోడళ్లు ముక్కు మూసుకుంటే మా అత్త ఊరుకునేది కాదు. ఒక తుఫానుకు ఆ చెట్లు దాదాపు అన్నీ కూలిపోయాయి. పక్షులు మళ్లీ వస్తాయో రావో, వస్తే ఎక్కడ వాలతాయో ఎవరికీ తెలియదు. దొరగారికి మాత్రం తెలుసు. ఐదేళ్ల ప్లాను రాసి, చెట్లకు బదులుగా ఆకుపచ్చ రంగు పూసిన ఇనుప స్టాండ్లు ఒకేసారి వరసగా పాతించారు. పక్షులు వచ్చాయి, ఎండకు కాలిన ఇనుము మీద కాళ్లు మోపాయి, లేచిపోయాయి.

మా అత్త ఆయన ఎదుటికి వెళ్లి నిలబడింది. “అయ్యా, ఒక్కదానికి తుమ్మకంపలు కట్టి సూద్దుము. వాల్తే మిగతావాటికీ కడదుము, వాలకపోతే ఇంకోటి సేద్దుము. నాకేటి తెలుసు, సూస్తే కదా తెలుస్తాది.”

ప్లానులో కంపలు లేవని ఆమెకు చెప్పమని దొరగారు నాకు చెప్పారు. చెప్పాను. తెలుగులోంచి తెలుగులోకి అనువాదం చేసిన ఘనత నాది.

జీపు కదిలాక అత్త ఊరివాళ్లతో చివరి స్టాండుకు వెదురు తడిక, కంపలు కట్టించింది. కొన్నాళ్లకు దాని మీద గూళ్లు లేచాయి, పిల్లలయ్యాయి. ఇంతలో పైఅధికారుల తనిఖీ వచ్చిపడింది. డిజైనులో లేని చెత్త తీసేయమని దొరగారి ఆర్డరు. పిల్లలున్నాయని తెలిసీ దాన్ని రాసింది నేను, దగ్గరుండి తీయించిందీ నేను. కూనలు ఒక్కొక్కటే రాలాయి. అత్త వాటిని గంపలోకి ఎత్తుకుంటూ తల ఎత్తకుండానే అంది:

“ఆయనకి కళ్లు లేవు. నీకేటయ్యిందిరా?”

పశువుల సాలలో చేపముక్కలు పెట్టి రెండింటిని బతికించింది. మిగిలినవి చచ్చిపోయాయి. స్టాండ్లు విజయవంతమని దొరగారు నివేదిక చెబితే, గుండ్రటి అక్షరాలతో రాశాను. మరుసటేడు ఆయన బదిలీ కాగానే అత్త ఎవరినీ అడక్కుండా స్టాండ్లన్నిటికీ కంపలు కట్టించింది. పక్షులు నిండిపోయాయి. నన్ను మాత్రం ఆ ఏడు ఇంటికి పిలవలేదు.

కాలం గడిస్తే అసహ్యం చల్లారుతుందంటారు. నాది చల్లారలేదు, ఏళ్లు గడిచేకొద్దీ దొరగారిని వదిలి నా వైపు తిరిగింది.