రీస్టార్టమ్మ పుస్తకంలో నాలుగో గడి

ఆ ఆఫీసులో ఆమెను మొదట ‘రీస్టార్టమ్మ’ అన్నదెవరని అడిగితే ఒకరి మీద ఒకరు తోసేస్తారు. పిలవడానికి మాత్రం అందరూ ముందుంటారు. “రీస్టార్టమ్మా, నా మౌసు చచ్చిపోయింది.” “అక్కా, ప్రింటరు కాగితం మింగి కూర్చుంది, కక్కనంటోంది.” ఆమె చేతిలో పని పక్కన పెట్టి లేస్తుంది. వెళ్లి మొదట అడిగే మాట ఎప్పుడూ ఒకటే.

“ఇది ఆగిపోయే ముందు మీరేం చేశారు?”

వచ్చే జవాబూ ఎప్పుడూ ఒకటే. “నేనేం చెయ్యలేదు.”

జ్వరం వచ్చినవాడు నిన్న వానలో తడిశానని డాక్టరు దగ్గర ఒప్పుకుంటాడు. కంప్యూటరు ముందు కూర్చున్నవాడు చచ్చినా ఒప్పుకోడు. సీనియర్ గుమాస్తా ఒకరోజు తన పాస్‌వర్డు ఎవరో మార్చేశారని ఆఫీసంతా తిరిగి గోల చేశాడు. ఆమె వచ్చి కీబోర్డు మీద వెలుగుతున్న చిన్న దీపం చూపించి, పెద్దక్షరాల మీట ఒకసారి నొక్కింది. తాళం తెరుచుకుంది. “నేను దాన్ని ముట్టుకోనే లేదమ్మా” అన్నాడాయన. ఆఫీసరుగారి కంప్యూటరు నత్తలా పాకుతోందంటే చూసింది. లోపల తొమ్మిది వేల శుభోదయం బొమ్మలు, పూలతో సహా. “ఇవి వాటంతటవే వస్తాయి” అన్నారు ఆఫీసరు. ప్రింటరు పలకడం లేదని ఒకే కాగితానికి పద్నాలుగుసార్లు ఆజ్ఞ ఇచ్చి, పద్నాలుగూ వరసలో ఇరుక్కుపోయాక, “నేనేం చెయ్యలేదు, అదే మొండికేసింది” అన్నవాళ్లూ ఉన్నారు. ఆమె వరసంతా ఖాళీ చేసి, ప్రింటరు ఆపి, మళ్లీ వేసి, ఒక్క కాగితం అడుగుతుంది. అది బుద్ధిగా ఇస్తుంది.

ఈ విద్య ఆమెకు బడిలో రాలేదు. అంతకుముందు నాలుగేళ్లు ఒక ఫోను సహాయ కేంద్రంలో పనిచేసింది. చెవులకు ఫోను తగిలించుకుని, కళ్లతో చూడని కంప్యూటర్లను మాటలతో బాగుచేసే కొలువు. రోజుకు తొంభై గొంతులు. బాత్రూముకు వెళ్లాలంటే చెయ్యెత్తి అడగాలి, వెళ్లొచ్చిన నిమిషాలు జీతంలో తెగ్గోస్తారు. ఒక సోమవారం పొద్దున అందరూ వెళ్లేసరికి తలుపుకు తాళం. ముందు చెప్పినవాడు లేడు, తర్వాత అడిగితే దొరికినవాడు లేడు. ఆ కేంద్రం ఆమెకు మిగిల్చింది రెండు అలవాట్లు. ఒకటి, ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది బాగుచేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో అసలే తెలియదు. రెండోది పుస్తకం.

పొడుగాటి నోటుబుక్కు. పేజీకి నాలుగు గడులు. తేదీ. తెర మీద ఏం కనిపించింది. నేనేం చేశాను. అంతకుముందు ఎవరేం చేశారు. మొదటి మూడు గడులూ నిండుగా ఉంటాయి. నాలుగోది చూస్తే నవ్వొస్తుంది. పేజీల కొద్దీ ఒకటే మాట, ‘ఏం చెయ్యలేదట’.

ఆ కేంద్రం మూతపడ్డాక ఈ ఆఫీసులో కాంట్రాక్టు మీద చేరింది. రాతి క్వారీల్లో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడినవాళ్లకు నెలనెలా సాయం మంజూరు చేసే ఆఫీసు అది. వాళ్ల దరఖాస్తులు కంప్యూటరులోకి ఎక్కించడం ఆమె పని. కాంట్రాక్టు ఏడాదికోసారి తిరగరాస్తారు. ఏడేళ్లుగా ఆమె తాత్కాలికమే. కుర్చీ పాతబడింది, కాంట్రాక్టు మాత్రం ప్రతి ఏడూ కొత్తదే.

ఆ ఏడాది వేసవిలో వైర్ల డబ్బా ఒకటి పొగలు కక్కింది. దాంతో ఆఫీసరు ఒక ఉత్తర్వు వేశారు. సాయంత్రం తాళం వేసే ముందు మెయిన్ స్విచ్ కట్టెయ్యాలి. అటెండరు బాబాయ్ ఆ ఉత్తర్వును వేదంలా పాటించాడు. మర్నాడు పొద్దున ఆమె కంప్యూటరు తెరిస్తే ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోలేదు. ‘ఇది నమ్మదగిన చోటు కాదు’ అని తెర నిండా హెచ్చరిక. వైరు చూసింది, బాగుంది. పక్క టేబుల్ మీద నెట్ వస్తోంది. ఒకసారి ఆపి వేసింది. అదే హెచ్చరిక. అప్పుడు తెర మూలన గడియారం చూసింది. పదమూడేళ్ల కిందటి జనవరి ఒకటో తేదీ.

సీపీయూ డబ్బాలో చిల్లర నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు టైము గుర్తుపెట్టుకునేది అదే. అది చచ్చిపోయింది. గోడలో కరెంటున్నన్నాళ్లూ ఆ చావు బయటపడలేదు. మెయిన్ కట్టేసిన ప్రతి రాత్రీ ఆ మిషను అన్నీ మరిచిపోయి పుట్టిన రోజుకు వెళ్లిపోతోంది. పదమూడేళ్లు వెనకబడ్డ గడియారాన్ని వెబ్‌సైట్లు నమ్మవు. తేడా మరీ పెద్దదైతే తనంతట తాను దిద్దుకోవడానికి కంప్యూటరూ ఒప్పుకోదు. మనిషే దిద్దాలి.

ఆమె దిద్దింది. బ్యాటరీ కావాలని కాగితం పెట్టింది. ‘ఇంత చిన్న వస్తువుకు ఏ పద్దు వర్తిస్తుందో వివరించగలరు’ అని తిరిగొచ్చింది. తానే కొనుక్కొచ్చి వేద్దామంటే డబ్బాకు ప్రభుత్వ ముద్ర, విప్పితే నేరం. రెండో కాగితం ఆమె పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో ఆమెకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. రోజూ అందరికంటే పావుగంట ముందొచ్చి గడియారం దిద్దుకునేది. ఆ పావుగంట ఆమె గుట్టు. ఈ మిషను తన చేతిలో తప్ప నడవదన్న ధీమా. కాంట్రాక్టు తిరగరాసే నెలలో ఆ ధీమా అవసరం ఎంతో ఏడాదికోసారి ఉద్యోగం పోగొట్టుకునేవాళ్లకే తెలుస్తుంది. పర్మనెంటువాడు తనకు తెలిసింది నలుగురికీ చెబితే పెద్దమనిషి అవుతాడు. కాంట్రాక్టు మనిషి చెబితే అనవసరమైన మనిషి అవుతుంది. మనుషుల్ని అలా నిలబెట్టి, ఆపైన వాళ్లు గుట్టుగా ఉన్నారని తప్పుపట్టడం మన వ్యవస్థకు బాగా అలవాటు.

అలా ఏడు నెలలు గడిచాయి. మధ్యలో తల్లి కంటి ఆపరేషనుకు నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఆ నాలుగు రోజులూ సీనియర్ గుమాస్తా ఆమె కుర్చీలో కూర్చున్నాడు. తిరిగొచ్చిన రోజు ఆమె అడిగింది. “సార్, నేను లేనప్పుడు ఏమైనా ఇబ్బందైందా?”

“నెట్ రాలేదమ్మా నాలుగు రోజులూ. నెట్ లేకుండా నింపే ఫారం ఉందిగా, అందులో పంతొమ్మిది దరఖాస్తులు ఎక్కించి ఉంచా. పంపించెయ్.”

“ఇంకేమైనా ముట్టుకున్నారా?”

“నేనేం చెయ్యలేదు తల్లీ.”

మొదటిసారి ఆ మాట నిజం. నిజంగానే ఆయనేమీ చెయ్యలేదు, చెయ్యాల్సిందేదో ఆమె చెప్పలేదు కనక. ఆమె గడియారం దిద్దింది, నెట్ వచ్చింది, పంతొమ్మిదీ పంపేసింది. ఆ ఫారం మిషను గడియారం చూసి తనే వేసుకున్న తేదీలు ఆమె చూడలేదు. టేబుల్ మీద నాలుగు రోజుల కాగితాలు గుట్టగా ఉన్నాయి, ఇంట్లో తల్లి కంటికి కట్టు ఉంది.

పది వారాల తర్వాత పంతొమ్మిదీ తిరిగొచ్చాయి. దరఖాస్తు తేదీ డాక్టర్ల సర్టిఫికెట్ తేదీ కంటే ముందుంది, కాబట్టి పత్రాలు అనుమానాస్పదం. ఆ సాయంత్రం లోపల సంజాయిషీ పంపాలి. దరఖాస్తుదారుల ఫోన్లకు ముందే కబురు వెళ్లింది.

ఆ పొద్దున పంతొమ్మిదిమందిలో ఒకావిడ వచ్చింది. కంకర మిషను దగ్గర ఇరవై ఏళ్లు రాయి మోసిన మనిషి. ఆఫీసు మెట్లు పన్నెండు, ఆమె మూడుచోట్ల ఆగింది. రీస్టార్టమ్మ ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది.

“అమ్మాయ్... నా కాగితం దొంగదంటున్నారంట?” అందావిడ, మాటకూ మాటకూ నడుమ గాలి వెతుక్కుంటూ. “ఈ ఊపిరి కూడా దొంగదేనా?”

“అలా అనకక్కా. ముందు మంచినీళ్లు తాగు.”

“మళ్లీ డాక్టర్లకు చూపించుకోవాలంట. ఆర్నెల్లకోసారి కూర్చుంటారంట వాళ్లు. ఈ మెట్లెక్కడానికే నాకు ఆర్నెల్లు పట్టేట్టుంది తల్లీ.” నవ్వబోయింది, దగ్గొచ్చింది.

లోపలి నుంచి ఆఫీసరు పిలిచారు. చెడ్డవాడు కాదు, పై నుంచి ఫోను వస్తే లేచి నిలబడి మాట్లాడే మనిషి, అంతే. “ఒక లెటరు టైపు చెయ్యండమ్మా. ‘దరఖాస్తుదారుల పత్రాలలో తేడాలున్నట్టు గుర్తించి, కొత్తగా వైద్య పరీక్షకు పంపుతున్నాము.’ చాలు. మనకూ చిక్కుండదు.”

ఆమె టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ‘దరఖాస్తుదారుల పత్రాలలో’ వరకు వచ్చి వేళ్లు ఆగిపోయాయి. పంతొమ్మిది ఫైళ్లలో ఒకటి తెరిచి తేదీ చూసింది. పదమూడేళ్ల కిందటి జనవరి ఒకటి. రెండోది, మూడోది కూడా అదే. నాలుగు రోజుల పని మొత్తం ఒకటే రోజు జరిగినట్టుంది.

తప్పు పత్రాలది కాదని చెప్పాలంటే సాక్ష్యం కావాలి. సాక్ష్యం ఆ మిషను లోపలే ఉంది. ఎవరు ఎప్పుడు గడియారం మార్చారో కంప్యూటరు తనకు తానే రాసుకునే చిట్టా ఒకటుంటుంది. ఆమె దాన్ని తెరిచింది. పని చేసిన ప్రతి పొద్దునా ఒక వరస. తేదీ మార్చబడింది, మార్చినది ఫలానా ఆపరేటరు. సెలవు పెట్టిన నాలుగు రోజులు మాత్రం ఏ వరసా లేదు. పంతొమ్మిదిమందినీ ఒడ్డెక్కించడానికి ఆ ఒక్క కాగితం చాలు. ఏడు నెలలుగా ఆమెకు తెలుసనీ ఎవరికీ చెప్పలేదనీ రుజువు చెయ్యడానికీ ఆ కాగితమే చాలు. పంతొమ్మిదిమందిని ఉంచి తనను కత్తిరించడానికి అందులో వీల్లేదు.

కాంట్రాక్టు తిరగరాసేది వచ్చే నెలే.

ప్రింట్ నొక్కింది. కాగితాలు తీస్తుంటే బాబాయ్ భుజం మీదుగా తొంగి చూశాడు. ఏడేళ్లుగా ఆమె చెబుతూ ఉంటే కొంచెం కంప్యూటరు చదవడం అతనికీ వచ్చింది.

“ఏంటమ్మాయ్ ఇది? నీ పేరు వరసగా పేర్చినట్టుంది?”

“రోజూ గడియారం దిద్దింది నేనే బాబాయ్. నువ్వు మెయిన్ కట్టేసినప్పుడల్లా అది వెనక్కి పోతోంది.”

“అంటే నేనా చేసింది?” బిత్తరపోయాడు. వెంటనే అలవాటుగా అన్నాడు. “నేనేం చెయ్యలేదు, సారు చెప్పారు, కట్టేశా.”

“నీ తప్పేం లేదు. నీకు చెప్పకపోవడం నా తప్పు.”

“మరి ఇది తీసుకెళ్లి సారు చేతిలో పెడతావా? కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టు కాదూ? ఆ లెటరేదో కొట్టిచ్చెయ్యరాదూ, పెద్దోళ్లు పెద్దోళ్లు చూసుకుంటారు.”

“పెద్దోళ్లు చూసుకుంటే ఆ అక్క మూడుసార్లు ఆగి మెట్లెక్కేదా, బాబాయ్?”

ఆఫీసరు ఆ కాగితాలు రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఇంతకీ తప్పెవరిది?”

గదిలో సీనియర్ గుమాస్తా ఉన్నాడు, తలుపు దగ్గర బాబాయ్ ఉన్నాడు. ఆ ముగ్గురి నాలుకల చివర ఏ మాట సిద్ధంగా ఉందో ఆమెకు తెలుసు. ఏళ్లుగా రాస్తూనే ఉంది.

“బ్యాటరీది ముందు, సార్. అడిగితే ఇవ్వని ఆఫీసుది ఆ తర్వాత. గడియారం సంగతి తెలిసీ ఎవరికీ చెప్పకుండా సెలవు పెట్టింది నేను. తేదీలు చూడకుండా పంపిందీ నేనే. వాళ్ల పత్రాల్లో ఏ తప్పూ లేదు. అలాగే రాస్తాను, మీరు సంతకం పెట్టండి.”

“మీకు మెమో ఇవ్వాల్సొస్తుందమ్మా. పైవాళ్లు అడుగుతారు.”

“ఇవ్వండి. అది కూడా నేనే టైపు చెయ్యాలిగా.”

సీనియర్ గుమాస్తాకు నవ్వాగలేదు. ఆఫీసరు కూడా పెదవి కొరుక్కుని సంతకం పెట్టారు. లెటరు, చిట్టా, ఆమె వాంగ్మూలం, మూడూ నాలుగున్నరకు వెళ్లాయి.

పంతొమ్మిది దరఖాస్తులూ మూడు వారాల్లో తేదీ సవరించుకుని మంజూరయ్యాయి. ఆమెకు మెమో వచ్చింది. కాంట్రాక్టు ఏడాదికి బదులు ఆరు నెలలకే తిరగరాశారు. నిజం చెప్పినందుకు మన ఆఫీసులు ఇచ్చే బహుమానం ఆ మాత్రమే, దానికి ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. బ్యాటరీ కొనడానికి పద్దు మాత్రం దొరికింది. బిగించిన రోజు బాబాయ్ మెయిన్ కట్టేసి, మళ్లీ వేసి, తేదీ చూసి, “బతికింది!” అని అరిచాడు.

ఆమె ఇప్పుడు పావుగంట ముందు రావడం లేదు. నోటుబుక్కు బీరువాలో కాకుండా కిటికీ పక్కన అందరికీ అందేలా ఉంటుంది. ఏ తంటాకు ఏం చెయ్యాలో వెతుక్కుని ఎవరికి వారే చూసుకుంటున్నారు, తప్పుగా చేసినా చేస్తున్నారు. ఆరు నెలల తర్వాత తన అవసరం ఉండదేమోనన్న భయం ఆమెకు ఉంది. ఉండకుండా ఎలా ఉంటుంది?

పుస్తకంలో, లెటరు వెళ్లిన రోజు తేదీకి ఎదురుగా నాలుగో గడిలో ఆమె దస్తూరీ కొంచెం పెద్దగా ఉంది. ‘నేను. నాలుగు రోజులు కాదు, ఏడు నెలలు.’ దాని తర్వాత పేజీల్లో నాలుగో గడి కొత్తగా నిండుతోంది. ‘వైరు కాలికి తగిలింది, నేనే.’ ‘రెండుసార్లు నొక్కా.’ ‘శుభోదయాలు, మళ్లీ నేనే’ అన్నది ఆఫీసరుగారి చేతిరాత.

మొన్న కంకర మిషను అక్క నెల సాయం అందిన రసీదు ఇవ్వడానికి వచ్చింది. మెట్ల మీద ఇప్పుడూ మూడుచోట్ల ఆగుతుంది. కుర్చీలో కూర్చుని ఊపిరి సర్దుకుని, కాగితం ఇచ్చే ముందు తెర మూలకు వేలు చూపించింది.

“అమ్మాయ్, ఇవాళ తేదీ ఎంత?”

రీస్టార్టమ్మ చదివి చెప్పింది. అక్క గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి సరిచూసుకుని, అప్పుడు వేలిముద్ర వేసింది.